అక్క చేతి చుక్కమందు

సాయంత్రం, ఇంకా వెలుతురు ఉంది. తమ్ముడి ఇంటి వంటగదిలో బల్లకి అటు బస్సు డ్రైవరు తమ్ముడు, ఇటు దర్జీ అక్క, మధ్యలో మూత తీసిన గిన్నె.

“మళ్లీ ఆకులేనా?”

“ఆకులు కాదు, ఆకుకూర. ఆకులు మేకలు తింటాయి.”

“మేకకీ నాకూ తేడా ఏముందక్కా? దానికి యూనిఫారం లేదు, అంతే.”

“మాటలాపి తిను. ఇవాళ పాలకూర.”

“నిన్న?”

“తోటకూర.”

“మొన్న?”

“మొన్నా తోటకూరే. కానీ అది ఎర్రది, నిన్నటిది పచ్చది. రకరకాలుగా వండి పెడుతున్నా నీకు విసుగే.”

“విసుగు కాదక్కా. డిపోలో నేను నోరు తెరిస్తే పళ్ల సందుల్లో పచ్చగా కనిపిస్తోందట. సిగ్నల్ పడిందనుకుని బండ్లు కదిలిస్తున్నారు.”

“డిపోలో నువ్వు నోరు తెరవాల్సిన పనేముంది? షెడ్డులో కూర్చోబెట్టారుగా.”

“గుర్తు చేశావు, సంతోషం.”

“నేను గుర్తు చేయకపోతే ఎవరు చేస్తారు? రేపు డాక్టరమ్మ కంటి ప్రెషర్ చూస్తుంది. దిగితే మళ్లీ స్టీరింగ్ ముట్టుకుంటావు. దిగకపోతే ఆపరేషను, ఆ తర్వాత జీవితాంతం షెడ్డులో కూర్చుని టైర్లలో గాలి ఉందా లేదా అని తట్టి చూసుకుంటావు. ఆకుకూరలు కంటికి మంచివని ఆవిడే చెప్పింది. నా చెవులతో విన్నాను.”

“సగం విన్నావు.”

“ఏ సగం?”

“మొదటి సగం. ‘ఆకుకూరలు తినండి, మంచిదే, కానీ అసలు మందు ఈ చుక్కలు, ఆకులు చుక్కల బదులు కాదు’ అంది ఆవిడ. ఆ రెండో సగం చెప్పేటప్పుడు నువ్వు ఆవిడ కోటుకి గుండీ వేలాడుతోందని సంచిలోంచి సూది తీస్తున్నావు.”

“గుండీ వేలాడే డాక్టరు మాట ఎవరు నమ్ముతారు?”

“ఆవిడ తొడుక్కుని ఉండగానే కుట్టేశావు.”

“కదలొద్దన్నాను. కదల్లేదు. నీకంటే నయం.”

“బయట మనుషులు వరసలో కూర్చుని ఉన్నారక్కా. కళ్లు చూపించుకోవడానికి వచ్చి, లోపల డాక్టరుకి కుట్లు వేస్తున్నారని తెలిసి ఇద్దరు లేచి వెళ్లిపోయారు.”

“పోతే పోయారు. వరస తగ్గింది. తిను.”

“తింటున్నా. అక్కా, ఇదేంటి?”

“ఏది?”

“ఇదిగో, కూరలో. రబ్బరు బ్యాండు.”

“కట్టకి వేసిన రబ్బరు బ్యాండు అయ్యుంటుంది.”

“కట్టకి వేసింది నా కంచంలోకి ఎందుకొచ్చింది?”

“దాన్నే అడుగు.”

“మొన్న నత్త. దాని ముందు రోజు గడ్డి.”

“నత్త బతికిందంటే మందులు కొట్టని ఆకని అర్థం. అలాంటి ఆకు దొరకడమే కష్టం. నత్తకి ఉన్న తెలివి నీకు లేదు.”

“గడ్డికి?”

“గడ్డి కూడా పచ్చనిదే.”

“నవ్వకక్కా. నువ్వు ఏరితే ఆకు మీద చిన్న చిల్లు కూడా ఉండేది కాదు. నువ్వు ఏరిన ఆకుని పెళ్లికూతుర్ని పంపినట్టు పంపొచ్చని నాన్న అనేవాడు. ఇప్పుడేమైంది?”

“అప్పట్లో బల్బులు బల్బుల్లా వెలిగేవి. ఇప్పుడివి వెలిగినట్టు నటిస్తున్నాయి. మీ ఇంట్లో మరీ ఘోరం. మీ ఆవిడ పొదుపు చూస్తుంటే మీకు తొందర్లోనే మేడలు కట్టే యోగం ఉంది.”

“ఇంకా పొద్దు పోలేదు. కిటికీ బార్లా తెరిచే ఉంది.”

“అయితే ఆ కిటికీ తుడవమను. ఇదిగో, నీళ్లు. కొంచెం కొంచెంగా తాగు. గటగటా తాగితే కంట్లో ప్రెషర్ పెరుగుతుందట.”

“గటగటా తాగడానికి గ్లాసులో ఏముందని? సగం బల్ల మీదే పోశావు.”

“గ్లాసు జరిపితే బల్ల మీద కాక ఎక్కడ పడతాయి?”

“నేను ముట్టుకోనే లేదు.”

“అయితే బల్ల వంకరగా ఉంది.”

“నిన్నటిదాకా బాగానే ఉంది.”

“నిన్నటిదాకా నీ కన్నూ బాగానే ఉంది. వస్తువులన్నాక వంకర్లు పోవా? గుడ్డ తెచ్చి తుడుస్తా, నువ్వు తిను.”

“జాగ్రత్త, తలుపు.”

“అబ్బ.”

“తగిలిందా?”

“ఎవరైనా తలుపు సగం తెరిచి సగం మూసి పెడతారా? తెరిస్తే తెరవాలి, మూస్తే మూయాలి.”

“ఇలా చూపించు. ఇక్కడ అప్పటికే కమిలి ఉందేంటి?”

“అది నిన్నటిది. మీ గుమ్మం.”

“నిన్న గుమ్మం, ఇవాళ తలుపు. మా ఇల్లు నీ మీద పగబట్టినట్టుంది.”

“మీ ఇంటికి కూడా మీ ఆవిడ నేర్పిపెట్టి ఉంటుంది.”

“ఆమెకి అంత తీరికెక్కడిది? తను గిడ్డంగిలో షిఫ్టు నుంచి వచ్చేసరికి నేను పోతాను, నేను వచ్చేసరికి తను పోతుంది. మా కాపురం అంతా ఫ్రిజ్ మీద అంటించిన చీటీల్లోనే నడుస్తోంది.”

“అందుకేగా నేను పొద్దునా సాయంత్రం వచ్చి నీ కంట్లో చుక్కలు వేసేది. లేకపోతే నాకేం సరదానా? నా మిషను దగ్గర చొక్కాలు కొండలా పేరుకుపోయాయి.”

“చొక్కా అంటే గుర్తొచ్చింది. నా యూనిఫారం చొక్కాలు ఏం చేశావు?”

“కాలర్లు వదులు చేశాను. మెడ బిగుసుకుంటే కంట్లో ప్రెషర్ పెరుగుతుందని చదివాను.”

“ఎక్కడ చదివావు?”

“ఎక్కడో. ఫోనులో.”

“మా సూపర్‌వైజరు పిలిచి అడిగాడు, ఈ చొక్కా ఎవరిదయ్యా, చనిపోయినవాళ్లదా అని. మెడ దగ్గర ఇంకో తల పట్టేంత ఖాళీ ఉంది.”

“ఉన్న తల వాడుకో ముందు.”

“వదులు చేస్తే చేశావు. కుడివైపు కుట్టు విప్పి, ఎడమవైపు అలాగే వదిలేశావు. ఒక పక్కకి లాగి ఉంది. పొద్దున్నుంచీ మెడ పట్టేసినవాడిలా తల వాల్చుకుని తిరిగాను.”

“ఎడమవైపు కూడా విప్పానే.”

“విప్పలేదక్కా. ఇదిగో, చూడు.”

“ఏదీ? అవును. ఎవరో మధ్యలో ఫోను చేసుంటారు. నా కొట్టుకి వచ్చేవాళ్లు ఒక్క క్షణం ప్రశాంతంగా కుట్టనివ్వరు. ఆ లావుపాటి లాయరు నిన్న కోటు వెనక్కి తెచ్చి పడేశాడు, ఎడమ చేతికి గుండీ లేదట. గుండీ లేకపోతే కేసు ఓడిపోతాడా ఏంటి?”

“నీ దగ్గర్నుంచి గుండీ లేకుండా కోటు వెళ్లిందని వినడం నేను పుట్టాక ఇదే మొదటిసారి.”

“వయసొస్తోంది రా. నువ్వు తినడం అయిందా?”

“ఇంకా సగం ఉంది.”

“అయితే ముందు చుక్క వేస్తా, మళ్లీ చీకటి పడిపోతుంది. తల వెనక్కి వాల్చు.”

“వాల్చాను.”

“కన్ను తెరువు.”

“తెరిచే ఉంది.”

“ఇంకొంచెం పెద్దది చెయ్యి.”

“ఇంతకంటే పెద్దది చేస్తే గుడ్డు ఊడి పాలకూరలో పడుతుంది.”

“కదలకు. కదలొద్దన్నానా? ఆఁ. పడిందా?”

“పడింది.”

“చూశావా మరి.”

“చెవిలో.”

“నువ్వు కదిలావు.”

“ఊపిరి కూడా పీల్చలేదక్కా.”

“రెప్ప కొట్టావు.”

“చెవికి రెప్ప ఉండదు.”

“ఎక్కువ మాట్లాడకు. ఇంకోసారి. ఇప్పుడు?”

“చెంప మీద. దగ్గరికొస్తోంది, వదలొద్దు.”

“వేలితో కంట్లోకి తోసెయ్.”

“ఆగిపోయిన బస్సనుకున్నావా తోయడానికి?”

“ఏదో ఒకటి లోపలికి పోయిందా లేదా?”

“తడి తగిలింది.”

“చాలు. తడి తగిలిందంటే మందు తగిలినట్టే.”

“మందుల షాపువాడు ఏమంటున్నాడో తెలుసా? నెలంతా రావాల్సిన సీసా సగం నెలకే అయిపోతోందట. ‘తమరు దీన్ని తాగుతున్నారా సార్’ అని అడిగాడు.”

“వాడికి అమ్ముకోవడం చేతకాక మాటలు.”

“డాక్టరమ్మ కూడా పోయినసారి అదే అడిగింది. ‘ఇంత మంచి మందుకి కూడా ప్రెషర్ దిగట్లేదంటే, మీరు చుక్కలు కంట్లో వేసుకుంటున్నారా, కుండీలో పోస్తున్నారా’ అని. నేను కాలర్ ఎగరేసి చెప్పాను, మా అక్క స్వయంగా వేస్తుంది, ఒక్క పూట కూడా తప్పదు అని.”

“మరి.”

“తప్పలేదు నిజమే. కంట్లో పడలేదు, అంతే.”

“అంటే నీ ప్రెషర్ దిగకపోవడానికి నేనే కారణమంటావు?”

“నేను అనలేదు.”

“అన్నావు.”

“చెవి అంటోంది. దానికి ఈ మధ్య చూపు బాగా వచ్చింది.”

“అయితే రేపట్నించి నువ్వే వేసుకో. చుక్క కనబడగానే చంటిపిల్లాడిలా కళ్లు గట్టిగా మూసుకునేవాడివి. అంత పెద్ద బస్సు నడుపుతావు, ఇంత చుక్కకి భయం.”

“బస్సు నా కంట్లోకి రాదు కదక్కా.”

“ఒరేయ్, నాన్నకి ఎవరు వేశారు చుక్కలు? ఈ చెయ్యి. నీకు అప్పుడు మీసాలు కూడా రాలేదు. పొద్దున లేవగానే నాన్న తల వెనక్కి పెట్టుకుని కూర్చునేవాడు, నేను వేసేదాన్ని. ఒక్క చుక్క కూడా పక్కకి పోయేది కాదు.”

“నాన్నకి చూపు పోయింది కదక్కా.”

“చుక్కలు వేసినందుకు పోలేదు. వేయడం మొదలుపెట్టేసరికే పోయింది. అప్పటికి ఆ జబ్బు పేరు గ్లాకోమా అని కూడా మనకి తెలీదు. వయసన్నారు, శుక్లాలన్నారు, ఎవరికి తోచింది వాళ్లన్నారు. ‘గోడలు దగ్గరికి జరిగాయమ్మా’ అనేవాడు నాన్న. మనం నవ్వాం.”

“నేనూ నవ్వాను.”

“నువ్వు చిన్నవాడివి. నేను నవ్వకుండా ఉండాల్సింది. ఎదురుగా ఉన్న మనిషిని పేరు పెట్టి పిలిచేవాడు, పక్కనే ఉన్న కుర్చీకి తన్నుకునేవాడు. కోపంగా కుర్చీని తిట్టేవాడు, మనమే కావాలని అక్కడ పెట్టామని. ఆయనకి రోగమని ఎవరికీ తట్టలేదు, వట్టి చిరాకు అనుకున్నాం. తర్వాత నేను చెయ్యి పట్టుకుని ఎన్నేళ్లు నడిపించానో నీకు తెలుసు. రోడ్డు దాటేటప్పుడు నా వేళ్లు విరిగేలా పట్టుకునేవాడు.”

“తెలుసు.”

“నిన్ను కూడా అలా నడిపించే ఓపిక నాకు లేదు. నీ కోసం కాదు, నా మోకాళ్ల కోసమే ఈ ఆకులన్నీ వండుతున్నాను. అది అర్థం చేసుకో.”

“అర్థమైంది. నీ మోకాళ్ల కోసం నేను మేకనయ్యాను.”

“అయ్యావుగా. తిను.”

“అక్కా.”

“ఊఁ.”

“నేను డాక్టరు దగ్గరికి ఎందుకు వెళ్లానో నీకు నిజం చెప్పలేదు.”

“కళ్లు మంటలన్నావు.”

“మంటలూ లేవు, ఏమీ లేవు. స్టాపు నుంచి బండి తీస్తున్నాను. అద్దం చూశాను, ముందు చూశాను, అంతా ఖాళీ. తీశాను. ఎవరో కేక వేశారు. బ్రేకు తొక్కి చూస్తే నా కుడి పక్కన ముందు చక్రం దగ్గర ఒకడు సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇంత దూరం. చెయ్యి చాపితే వాడి తల తగిలేది. వాడు ఎప్పుడొచ్చాడో నాకు తెలీదు.”

“దెబ్బ తగిలిందా వాడికి?”

“లేదు. నన్ను తిట్టి వెళ్లిపోయాడు. ‘గుడ్డివాడివా’ అన్నాడు. అందరూ డ్రైవర్లని అదేగా తిడతారు. కానీ ఆ రోజు నేను స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. లోపల జనం గోల చేస్తున్నా బండి తీయలేకపోయాను.”

“ఇంట్లో చెప్పావా?”

“లేదు. నీకే చెబుతున్నా.”

“నాకు ముందే చెప్పొచ్చుగా.”

“చెబితే ఇంకో కట్ట పాలకూర ఎక్కువ వండుతావని భయపడ్డాను.”

“వండేదాన్నే.”

“డాక్టరమ్మకి చెబితే ఆవిడ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. ఈ జబ్బు అంతేనట. ఎదురుగా ఉన్నది అద్దంలా కనిపిస్తుందట, అక్షరాలన్నీ చదివేస్తామట. పక్కల నుంచి కొరుక్కుంటూ వస్తుందట. పోయిన చోట నల్లగా కూడా కనపడదట, ఏదో ఒకటి ఉన్నట్టే అనిపిస్తుందట. అందుకే పోయిందని మనిషికి తెలీదట. పోయింది ఇక తిరిగి రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవడమే. అందుకే నాకు భయం, రేపు ప్రెషర్ దిగకపోతే ఏమవుతుందోనని. ఉద్యోగం సంగతి తర్వాత. నేను అక్కడ వాడిని నిజంగా తొక్కేసి ఉంటే?”

“తొక్కలేదుగా. జరగనిదాన్ని పట్టుకుని ఏడవకు. ఇటు చూడు. నిన్ను నాన్నలా కానివ్వను. విన్నావా? అవసరమైతే నీ నోట్లో ఆకు కుక్కి గరాటు పెట్టి తోస్తా, అంతేగానీ కానివ్వను.”

“అంత ప్రేమ తట్టుకోలేనక్కా.”

“తట్టుకో.”

“మరి డాక్టరమ్మ ఇంకోటి కూడా చెప్పింది. ఇది ఇంటి వరస జబ్బు, తండ్రికి ఉండి తమ్ముడికి ఉంటే అక్క కూడా వచ్చి చూపించుకోవాలని. చీటీ రాసి ఇచ్చింది. ఆ చీటీ ఏమైంది?”

“కొలతలు రాసుకున్నాను.”

“దాని మీదా?”

“వెనకంతా ఖాళీగా ఉంది, ఎందుకు వృథా? నాకేం రోగం రా? సూదిలో దారం ఒక్క దెబ్బకి ఎక్కిస్తాను. ఆ వీధి చివరి కొట్టు బోర్డు మీద ఏముందో ఇక్కడి నుంచి చదివి చెప్పనా? నాకు జబ్బు రావాలంటే ముందు నా దగ్గర అనుమతి తీసుకోవాలి. పైగా నీకు వండినప్పుడల్లా నేనూ తింటున్నానుగా ఆ ఆకులు.”

“నత్తతో సహా.”

“నా కంచంలో నత్త ఎప్పుడూ రాలేదు.”

“వచ్చే ఉంటుంది, నువ్వు చూడలేదేమో.”

“చాల్లే. రేపటి దాకా ఆగడం ఎందుకు, నీ సంగతి ఇప్పుడే తేలుస్తా. డాక్టరమ్మ నీకు వేళ్లు చూపించి పరీక్ష చేసిందిగా, నేను పక్కనే ఉండి చూశాను. అదేమంత బ్రహ్మవిద్య కాదు. కుర్చీ ముందుకి జరుపుకో.”

“నువ్వా పరీక్ష చేసేది?”

“ఆవిడ గుండీ కుట్టినదాన్ని, ఆవిడ పని చేయలేనా? ఎడమ కన్ను అరచేత్తో మూసుకో. నొక్కకు. నా ముక్కు చూడు. కన్ను తిప్పావో, చెవి మెలిపెడతా.”

“ఆ చెవిలో మందు ఉంది, జాగ్రత్త.”

“ఎన్ని?”

“రెండు.”

“ఇప్పుడు?”

“ఒకటి.”

“ఇక్కడ, పైన?”

“మూడు.”

“సరిగ్గా చూడు.”

“మూడే కదా?”

“నాలుగు. ఊహించొద్దు, చూసి చెప్పు.”

“చూసే చెప్పాననుకున్నానక్కా.”

“సరేలే. ఒక్కటేగా తప్పింది. రెండో కన్ను కానియ్. ఎన్ని?”

“రెండు. అయిదు. ఇప్పుడు పిడికిలి, అది నా మొహం మీదికే వస్తోంది.”

“ఈ కన్ను భేషుగ్గా ఉంది. అదంతా తోటకూర మహిమ.”

“ఆ కన్ను ముందు నుంచీ బాగానే ఉంది.”

“ఇంకా బాగైంది. కృతజ్ఞత లేని వెధవ. తిను, చల్లారిపోతోంది.”

“ఆగు. ఇప్పుడు నీ వంతు.”

“నాకెందుకు?”

“నీ కోసం ఇన్నాళ్లు నేను గడ్డి తిన్నాను. నా కోసం నువ్వు ఒక కన్ను మూసుకోలేవా?”

“పిల్లచేష్టలు.”

“అవును. మూసుకో. ముందు ఎడమది.”

“మూశా. కానియ్ తొందరగా, మిషను దగ్గర ఆ లాయరు కోటు నా కోసం ఏడుస్తోంది.”

“నా ముక్కు చూడు. ఎన్ని?”

“రెండు.”

“ఇప్పుడు?”

“అయిదు. ఆ చివరిదానికి గోరు తీసుకోలేదు నువ్వు. చూశావా, నీ గోళ్ల మట్టితో సహా కనిపిస్తోంది నాకు.”

“మంచిది. ఇప్పుడు కుడి కన్ను మూసుకో.”

“మూశా.”

“నా ముక్కే చూడు.”

“చూస్తున్నా. అచ్చం నాన్న ముక్కే. ఆయనకైతే నప్పింది. లైటు వేయరా కాస్త.”

“వేసే ఉందక్కా.”

“ఏదీ, ఇంతేనా? మీ ఆవిడకి దండం పెట్టాలి.”

“కన్ను తిప్పకు. ఎన్ని వేళ్లు?”

“ఎత్తితే కదా చెప్పేది.”

“ఇప్పుడు?”

“ముందు చెయ్యి ఎత్తరా.”

“అక్కా, నా ముక్కే చూస్తున్నావా?”

“ఇంకేం చూడమంటావు ఈ చీకట్లో? ఏంటి, అలా ముందుకి వంగుతున్నావు? ఆకు అడ్డం పడిందా?”

“లేదు. ఇప్పుడు చెప్పు. ఎన్ని?”

“ఒరేయ్, ఆటలాడకు. నాకు అవతల పనుంది, కూర చల్లారిపోతోంది. ఎత్తితే ఎత్తు, లేకపోతే తిను.”

“ఎత్తే ఉన్నానక్కా. రెండు చేతులూ, ఇందాకటి నుంచీ.”